ఎనిమిది మందికి ఒక ఇంజను

మా లంకకూ అవతలి రోడ్డుకూ మధ్య గోదావరి పాయ ఒకటి ఉంది. దాని మీది వంతెన బాగా ఇరుకు. ఆటో హాయిగా పోతుంది, ట్రాక్టరు అంచులు రాసుకుంటూ పోతుంది, ఫైరింజను మాత్రం పట్టదు. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. దాని అర్థం ఏమిటో మాత్రం కిందటేడు వేసవిలో, మా వీధి చివర కొబ్బరి పీచు ఆరబోసిన కళ్లం అంటుకున్న రోజున తెలిసింది.

అన్నాల వేళ. నేను ఆవకాయకు కాయలు తుడుస్తున్నాను. పొగ వాసన వచ్చి బయటికి వచ్చేసరికి పీచు కుప్పలన్నీ ఒక్కసారే వెలుగుతున్నాయి. మంట పక్కనున్న తాటాకు పాక మీదికి ఎక్కింది, అక్కడి నుంచి ఒక కొబ్బరిచెట్టు మొవ్వులోకి ఎగబాకింది. అప్పటికే ఎనిమిది మంది పరిగెత్తి వస్తున్నారు. ముగ్గురు చేపల వేటకు వెళ్లేవాళ్లు, ముగ్గురు కౌలు రైతులు, ఒకతను ఆటో నడుపుతాడు, ఇంకొకతను చెట్లెక్కి కొబ్బరి దింపు తీస్తాడు. వాళ్లను ఎవరూ నియమించలేదు. చాలా ఏళ్ల కిందట ఒక పూరిల్లు కాలినప్పుడు కలిశారు, అప్పటి నుంచి ఎక్కడ పొగ లేచినా ఆ ఎనిమిది మందే ముందుంటారు. వాళ్ల చేతుల్లో బకెట్లు, తడిపిన గోనెసంచులు, అంతే.

పాక కాలుతుంటే వాళ్లు దాని జోలికి పోలేదు, పక్క ఇళ్ల కప్పులు తడపడం మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చింది, కాలేదాన్ని వదిలేశారేమిటని. తరువాత అర్థమైంది, వాళ్లు కాపాడుతున్నది మిగిలిన వీధిని. ఇంతలో మొవ్వు నుంచి నిప్పురవ్వలు గాలికి ఎగురుతున్నాయి. దింపు తీసే అతను తలకు తడి తువ్వాలు చుట్టుకుని, కత్తి నడుముకు దోపుకుని, పక్క చెట్టెక్కాడు. దాని ఎండుమట్టలన్నీ నరికి కిందపడేశాడు. అది దిగి ఇంకో చెట్టెక్కాడు. మూడో చెట్టు మీద ఉండగా కాలుతున్న మట్ట ఒకటి గాలికి వచ్చి అతని మీద పడింది. రెండు చేతులతో దాన్ని నెట్టేసి, కాలిన అరచేతులతోనే చెట్టు దిగాడు.

ఫైరింజను వంతెన అవతల ఆగిపోయింది. సిబ్బంది పైపులు భుజాన వేసుకుని పరిగెత్తి వచ్చేసరికి ఇక్కడ పొగ మాత్రమే మిగిలింది. కళ్లం పోయింది, పాక పోయింది, వీధి నిలిచింది.

రెండు రోజుల తరువాత పంచాయతీ దగ్గర అందరం చేరాం. ఎనిమిది మందికీ శాలువాలు కప్పి సన్మానం చేద్దామని సర్పంచిగారు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ సాయంత్రమే కొత్త ఆవకాయ కాస్త పట్టుకుని దింపు తీసే అతని ఇంటికి వెళ్లాను. అతను రెండు చేతులకూ కట్లతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. భార్య అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. సన్మానం సంగతి చెప్పాను.

"సంతోషమే అక్కా" అంది ఆమె. "కానీ చేతులు మానేదాకా ఈయన చెట్టెక్కలేరు కదండీ. నెల దాటుద్దని డాక్టరుగారు అన్నారు. అన్నాళ్లూ మాకు కూలి లేదు. అది ఎవరికీ గుర్తు రాలేదు."

ఆమె కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పి, ఇంకో ముద్ద పెట్టింది. నాకు మాత్రం అక్కడ నిలబడ్డానికి సిగ్గేసింది.

నేను మా డ్వాక్రా సంఘానికి లీడర్ని. మరునాడే పదిమందిమీ కూర్చున్నాం. మాటల్లో రెండు విషయాలు తేలాయి. ఈ ఎనిమిది మందిలో ఎవరికి దెబ్బ తగిలినా, పని మానుకుని వచ్చినా వాళ్ల కూలి పోకూడదు. బకెట్లు చాలవు, పాయలోంచి నీళ్లు తోడే పంపు ఇంజను కావాలి. అందరం కలిసి సర్పంచిగారి దగ్గరికి వెళ్లి, శాలువాలు వద్దు, కూలి, ఇంజను కావాలని చెప్పాం. ఆయన "మంచిదేనమ్మా, డబ్బెక్కడిది?" అన్నారు. ఊరే ఇస్తుందని నేను ధైర్యంగా అనేశాను. ఎలా ఇస్తుందో నాకూ తెలియదు.

దింపు తీసిన ప్రతిసారీ చెట్టుకో కాయ ఇమ్మని రైతుల్ని అడిగాం. మొదట నలుగురే ఒప్పుకున్నారు. తరువాత వాళ్లను చూసి మిగిలినవాళ్లు ఇచ్చారు. ఆ కాయల డబ్బుతో ముందుగా దింపు తీసే అతని ఇంటికి నెల కూలి చేరింది. ఇంజనుకు మాత్రం ఏమీ మిగల్లేదు. వానలు పడ్డాయి, మంటల భయం జనానికి తగ్గిపోయింది. అడగడానికి వెళితే, వచ్చే వేసవికి చూద్దాంలెండి అనేవారు.

శ్రావణంలో గోదావరికి వరద ఎర్రనీళ్లు వచ్చాయి. ఒక ఉదయం ఎనిమిది మందిలో పెద్దవాడైన చేపల వేటగాడు ఫోన్ చేసి, ఉన్నపళంగా రేవుకి రమ్మన్నాడు. వెళితే పడవ చుట్టూ జనం. వలలో పులస పడింది. మా రేవులో అంతటి చేపను నేను ఎప్పుడూ చూడలేదు, వెండి పళ్లెంలా మెరుస్తోంది. ఆ సీజనులో అతనికి పడ్డ మొదటి పులస అదే.

"ఇది నాది కాదండి, ఇంజనుది. పాట పెట్టండి" అన్నాడు.

వెంటనే సర్పంచిగారికి కబురంపాను. అక్కడే, బురదలో నిలబడి వేలం మొదలుపెట్టాం. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఆరువేలు అన్నారు. టౌనులో హోటలు నడిపే ఆయనకు ఫోన్ కలిపితే ఎనిమిది అన్నారు. ఆసామి పది అన్నారు. ఫోను స్పీకరులో పెట్టి ఎత్తి పట్టుకున్నాను. పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. ఒక్కో మాటకూ రేవంతా కేరింతలు. ఆడవాళ్లు గంపలు దించేసి మరీ నిలబడ్డారు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు నిదానంగా, "పాతికవేలు" అంది. తిరిగి చూస్తే, కళ్లం కాలిపోయిన పీచు యజమాని. మంటలనాటి నుంచి ఎవరితోనూ సరిగా మాట్లాడని మనిషి. ఫోన్లో హోటలాయన నవ్వి, ఆయనకే ఇచ్చేయండి అన్నారు.

మరునాడు ఆ ఇంటి పులుసు వాసన వీధంతా తిరిగింది. మాకు ఇంజను వచ్చింది. ఇద్దరు మోయగలిగే పెట్రోలు ఇంజను, దానితోపాటు పొడవాటి పైపు. పాయ ఒడ్డున మొదటిసారి నడిపిన రోజు నీళ్లు ఎంత జోరుగా వచ్చాయంటే, పైపు పట్టుకున్నవాళ్లు అదుపు తప్పి సర్పంచిగారి తెల్లచొక్కాను నిలువునా తడిపేశారు. ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వారు. ఫైర్ స్టేషన్ ఆఫీసరుగారు తన సెలవురోజుల్లో నాలుగు ఆదివారాలు వంతెన దాటి వచ్చి, గాలివాటం చూసి నిలబడటం, ముందు కరెంటు ఆపించడం, పైపును ఇద్దరు పట్టుకోవడం నేర్పారు. ఆయన చెప్పిన చోటే కాయల డబ్బుతో హెల్మెట్లు, బూట్లు కొన్నాం.

ఈ వేసవిలో గడ్డిమేటు ఒకటి అంటుకుంది. దానికి ఆనుకునే ఇల్లు, వంటింట్లో గ్యాసు బండ. ఎనిమిది మందిలో ఊళ్లో ఉన్నవాళ్లు ఆటోలో ఇంజను తెచ్చి పాయలో గొట్టం దించారు. తాడు లాగితే స్టార్టు కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారికి గర్జించింది. వేటకు వెళ్లినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు, పైపు చివర రెండో మనిషి తక్కువయ్యాడు. ఎవరూ పిలవకుండానే వెళ్లి పట్టుకున్నాను. నీటి తోపుకు భుజాలు విరుగుతాయేమో అనిపించింది. మంట వంగింది, నల్లబడింది, పొగైంది. ఇల్లు చెక్కుచెదరలేదు. ఆఫీసరుగారు సిబ్బందితో నడిచి వచ్చి అంతా కలియదిరిగి చూసి, మాకు చేయాల్సిన పనేమీ మిగల్చలేదండీ అన్నారు.

సాయంత్రం పనులు మానుకుని వచ్చినవాళ్లకు కాయల డబ్బులోంచి సగంరోజు కూలి పంచాం. దింపు తీసే అతను చెయ్యి చాపలేదు. "మంటార్పినందుకు కూలేంటండి అక్కగారూ?" అన్నాడు.

"మంటకి కాదు తమ్ముడూ. దింపుకి వెళ్లలేదు కదా, దానికి" అన్నాను.

అతను ఆలోచించి, తీసుకున్నాడు. ఆ డబ్బు భార్య చేతిలో పెట్టి, అక్కగారికీ ఒక హెల్మెట్ కొనాలని అందరితో అన్నాడు. ఆఫీసరుగారు మళ్లీ నేర్పడానికి ఒప్పుకున్నారు, వచ్చే ఆదివారం నుంచి నేనూ శిక్షణకు వెళుతున్నాను. మా సంఘంలో ఇంకో ఇద్దరు పేర్లిచ్చారు.