అమ్మ రంగు ఎక్కడా మిగల్లేదు

అమ్మ పోయేనాటికి మా ఇంట్లో గోడ మీద ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. బాపుది ఉంది. ఆయన పోయిన ఏడాదే పటం కట్టించి దండ వేశాం. అమ్మ మాత్రం కెమెరా కనిపిస్తే పక్కకు జరిగేది. "నన్నేం దించుతవ్ బిడ్డా, చీకట్ల చీకటి వడ్డట్టుంటది" అని నవ్వేసేది.

అమ్మది నలుపు. చామనఛాయ అని సర్దిచెప్పుకునే నలుపు కాదు, అసలు నలుపు. కంది చేలో వంగి కలుపు తీస్తుంటే మెడ మీద చెమట మెరిసేది. చిన్నప్పుడు ఆ మెరుపు నాకెంతో ఇష్టం. వెనకనుంచి వెళ్లి ఆ మెడకు చెంప ఆనించేదాన్ని. వేడిగా, మట్టి వాసనతో ఉండేది.

మాది కోస్గి దగ్గర ఒక ఊరు. బాపు, అమ్మ కూలికి పోయి మమ్మల్ని పెంచారు. తర్వాత కొద్దిగా భూమి కొనుక్కున్నారు. బాపు ఎర్రగా ఉండేవాడు. ఆయన తల్లి, అంటే మా అవ్వ, ఇంకా ఎరుపు. అమ్మను అవ్వ పేరు పెట్టి పిలవగా నేను ఎన్నడూ వినలేదు. "కర్రిదీ" అనేది. కోపంతో కాదు, నీళ్లడిగినంత మామూలుగా అనేది. అమ్మ కూడా అంతే మామూలుగా "ఆఁ అత్తా" అని పలికేది. నేను పుట్టినప్పుడు అవ్వ నా చెవులు మడిచి వెనక చూసిందట. పుట్టిన బిడ్డ అసలు రంగు అక్కడ తెలుస్తుందని నమ్మకం. "తల్లి పోలికనే" అని బిడ్డను తిరిగి పక్కలో పడుకోబెట్టి బయటికి వెళ్లిపోయిందని అమ్మే చెప్పింది. ఏదో వాన పడ్డ సంగతి చెప్పినట్టు చెప్పింది.

తమ్ముడిది కూడా అమ్మ రంగే. వాడు కొంతకాలం గల్ఫ్‌లో హోటల్ పనికి పోయి వచ్చాడు. అక్కడి సంగతులు ఎక్కువ చెప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం అన్నాడు.

"గా దేశంల గూడ గంతే అక్కా. తెల్లగున్నోళ్లు ముంగట నిలవడతరు. మనసొంటోళ్లు ఎన్క గిన్నెలు తోముతరు. ఆఫ్రికా నుంచి వచ్చినోళ్లు మా రూముల ఉండేటోళ్లు, మనకన్న నలుపు. వాళ్లను సూసి మనోళ్లే నవ్వేటోళ్లు."

"నువ్వు నవ్వినవా?"

వాడు తాగిన గ్లాసు తీసుకుని కడగడానికి లేచాడు. గల్ఫ్ నుంచి వచ్చాక నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద టైర్ల పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. బాపు పోయాక అవ్వ చిన్నాయన ఇంటికి మారింది, ఊళ్లో మా ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండేది. నేను నల్గొండలో టీచర్‌ని.

తెలంగాణ వచ్చిన ఏడాది, ఒక వానాకాలం పొద్దున, అమ్మ చేలోనే గుండె పట్టుకుని కూలిపోయింది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను చేరేసరికి ఆమెను అరుగు మీద పడుకోబెట్టారు. పసుపు పూసిన ఆ ముఖమే నేను చివరిసారి చూసిన ముఖం. దాని కింద ఆమె రంగు కనిపించలేదు.

దినం పనులన్నీ తమ్ముడే చూసుకున్నాడు. నేను మధ్యలో ఒకసారి నల్గొండ వెళ్లి, దినం పొద్దున తిరిగి వచ్చాను. ఆటో దిగి చూస్తే మా వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. మబ్బులు, తామరపూలు, మధ్యలో గులాబీ రంగు ముఖంతో ఒక ఆడమనిషి. పెదాలు ఎర్రగా ఉన్నాయి. నేను ఇల్లు తప్పి దిగానేమో అనుకున్నాను. ఆ తర్వాత ముక్కు గుర్తుపట్టాను. అది అమ్మ ముక్కు.

చుట్టాలు వస్తున్నారు, ఫ్లెక్సీ ముందు నిలబడి దండం పెడుతున్నారు, లోపలికి పోతున్నారు. ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. అవ్వను కుర్చీతో సహా మోసుకొచ్చి ఎదురుగా దించారు. చూపు తగ్గిన కళ్లతో ఆమె చాలాసేపు చూసింది.

"ఎంత సక్కగున్నది ఇప్పుడు. మొదటి నుంచి గిట్లుంటే నా కొడుకు సంతోషంగ బతికేటోడు" అంది.

అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అమ్మ కోసం అవ్వ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తమ్ముడు షామియానా వెనక, అన్నం వండే చోట ఉన్నాడు. పక్కకు పిలిచాను.

"గా ఫొటో ఎవరిదిరా?"

"అమ్మదే."

"అమ్మ గట్లుండెనా?"

వాడు నేలకేసి చూశాడు. "స్టూడియోల ఆయన అడిగిండు, జర తెలుపు చెయ్యాల్నా అని. చెయ్యమన్న. బతికినన్ని దినాలు మాటలు వడ్డది అక్కా. ఊరంత వచ్చి సూసేనాడు గూడ ఎవరన్న ఏమన్న అంటరేమోనని భయమైంది. అందుకే చెయ్యమన్న."

నాకు వాడిని తిట్టాలని ఉంది. వాడి నల్లటి చేతులు పొయ్యి బూడిదతో తెల్లబడి ఉన్నాయి. లోపలికి వెళ్లి విస్తర్లు వేశాను.

కొన్నాళ్లాగి ఆ స్టూడియోకు వెళ్లాను. మార్చకముందు ఫొటో ఇమ్మని అడిగాను. స్టూడియో ఆయన మంచివాడే, కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఆ ఫొటో తమ్ముడి పెళ్లి ఆల్బమ్‌లోది అని చెప్పాడు. ఆల్బమ్ చేసినప్పుడే అందరి ముఖాలు కొంత తెలుపు చేశారట, ఫ్లెక్సీకి ఇంకా చేశారట. అసలు ఫొటోలు ఉన్న కంప్యూటర్ ఎప్పుడో చెడిపోయింది.

"అందరు అడిగేదే గది మేడం. నలుపు గావాల్నని వచ్చింది మీరొక్కరే" అన్నాడు. కొంచెం ఆలోచించి, "ఫికర్ చెయ్యకుండ్రి, మళ్ల నలుపు జేస్త. ఎంత నలుపో జర చెప్పుండ్రి" అని అమ్మ ముఖాన్ని తెర మీదికి తెచ్చాడు.

పక్కన కూర్చున్నాను. మౌస్ జరుపుతుంటే ముఖం గులాబీ నుంచి బూడిద రంగుకు, బూడిద నుంచి మసికి మారింది. "ఇది?" అని అడిగేవాడు. కాదనేదాన్ని. "ఇది?" కాదు. అమ్మ నలుపులో కొంచెం ఎరుపు ఉండేదని చెప్పాను. ఎరుపు కలిపితే ముఖం కాలినట్టయింది. కాసేపటికి నాకే తెలియకుండా పోయింది, ఏది నిజమో, నేను దేని కోసం వచ్చానో. "చాలు, ఆపెయ్యండి" అని లేచాను.

నా ఫోన్లో వెతికాను. రెండు మూడు దొరికాయి. ఒకదాంట్లో అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతావి ఫోనే తనంతట తాను తెల్లగా చేసి పెట్టింది. ఆధార్ కార్డు మీద రెండు కళ్లు, చుట్టూ మసి, అంతే.

తమ్ముడు ఆ ఫ్లెక్సీ ఫొటోనే రెండు పటాలు కట్టించి, ఒకటి నాకిచ్చాడు. తీసి బీరువాలో పెడదామనుకున్నాను. పెట్టలేకపోయాను. ఇంట్లో అమ్మ పటం అంటూ ఒకటి ఉండాలి కదా. రోజూ దీపం పెట్టి పెట్టి, ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు ఆ గులాబీ ముఖమే కనిపిస్తోంది. చేలో వంగిన మనిషికి కూడా అదే ముఖం వస్తోంది.

బడిలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్లకు వేరే బెంచీలు, నల్లవాళ్లకు వేరే బెంచీలు ఉండేవని చెబితే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. "గట్లెట్ల చేస్తరు టీచర్?" అని అడుగుతారు. గంట కొట్టగానే వాళ్లే ఒక పిల్లను "ఏ బొగ్గు, పక్కకు జరుగు" అంటారు. మొదట్లో గట్టిగా మందలించేదాన్ని. నా ముందు అనడం మానేశారు.

నా కూతురు అమ్మ రంగే. అమ్మ పోయేటప్పుడు అది చేతుల మీది పిల్ల. రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆటోలో తోటి పిల్లలు ఏదో అన్నారని ఏడుస్తూ వచ్చింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు అచ్చం మీ అమ్మమ్మ లెక్కున్నవ్. మీ అమ్మమ్మ ఎంత మంచిగుండెనో తెలుసా?" అన్నాను. అది దిగి వెళ్లి పటం ముందు నిలబడింది. చేయి చాపి, పటం పక్కన పెట్టి చూసుకుంది.

"నేను గిట్ల లేను గదా."

"అది మీ మామ చేపిచ్చిండు. అమ్మమ్మ నీ లెక్కనే ఉండె."

"అంటే చచ్చిపోయినంక తెల్లగ చేస్తరా?"

కాదని చెప్పాలి. మా ఇంట్లో జరిగింది మాత్రం సరిగ్గా అదే. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అది నా చేతుల్లోంచి మళ్లీ పటం వైపే చూస్తోంది.

ఆ తర్వాత ఆ సంగతి అది ఎత్తలేదు. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఎండలో ఆడదు. పెళ్లిళ్లకు రమ్మంటే పరీక్షలున్నాయంటుంది. దాని సంచిలో తెల్లబడే క్రీము కనిపిస్తే తీసి పారేసేదాన్ని. అవి చర్మాన్ని పాడు చేస్తాయని చెప్పాను, రంగులో ఏమీ లేదని చెప్పాను. ఓపిగ్గా వింటుంది. వారం తిరక్కముందే ఇంకొకటి కొంటుంది.

మొన్న నేను సంచి తెరవబోతుంటే వచ్చి పక్కన నిలబడింది. గొంతులో కోపం లేదు.

"పారెయ్యకమ్మా. నీకు గూడ ఒకటి తెచ్చిన" అంది.

నా చేతిలో ట్యూబు పెట్టి, చదువుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను దాన్ని పారేయలేదు. మూత కూడా తీయలేదు.