కొడవలి మీది మరక

"నువ్వు నటించేదీ లేదు, పాడేదీ లేదు. మరి అక్కడ ఏం వేలై చేస్తా ఉండావు?" అని అడిగింది పిన్ని.

మా రాజపాళయంలోనే, మూతపడిన నూలు మిల్లులో తమిళ సినిమా షూటింగ్. నేను చెన్నై నుంచి ఆ యూనిట్‌తో వచ్చి పిన్ని ఇంట్లో దిగాను. నా వేలై, అదే నా పని, కంటిన్యుటీ చూడటమని చెప్పాను. ఒక షాట్‌లో హీరో చొక్కా బొత్తాం ఊడితే తర్వాతి షాట్‌లోనూ ఊడే ఉండాలి. చెంప మీద నెత్తురు ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలి. షాట్ అవగానే ఫోన్‌లో ఫొటో తీసుకుని, దాన్ని పట్టుకుని అందర్నీ సతాయించడమే నా ఉద్యోగం.

"తప్పులు పట్టేదానికి సంబళమా! అది నీకు పుట్టినప్పుడే వచ్చినది కదా," అని పిన్ని పడీపడీ నవ్వింది. నిజమే. అదంటే నాకు గర్వం కూడా ఉండేది.

మూడు రోజులుగా కొట్లాట తీస్తున్నాం. హీరో వచ్చి పళ్ళు కొరికి వెళ్ళేవాడు. దెబ్బలన్నీ ఆయన డూప్‌వి. డూప్ మా పక్క ఊరు మంసాపురం మనిషి, నలభై దాటినవాడు. సెట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. గోడకు గుద్దుకుని, ఇనుప మెట్ల మీంచి దొర్లి, మోచేతుల తోలు లేచిపోయినా లేచి నిలబడి, "సరిగా పడినానా అమ్మా?" అని నన్నే అడిగేవాడు. "మొహం ఆయనది, ఎముకలు నావి," అనేవాడు. ఆయనంటే నాకు చాలా ఇష్టం.

వేట కొడవళ్ళు రెండుండేవి. దగ్గర్నుంచి తీసే షాట్లకు అసలు ఇనుముది, నరుక్కునే షాట్లకు రబ్బరుది. బరువు తెలియాలని రబ్బరుదాంట్లోనూ సన్న కడ్డీ పెట్టారు. ఆర్ట్ డిపార్టుమెంటులో ఒక పెద్దాయన రెండింటికీ ఒకే రంగు వేసి, ఒకేలా ఎర్ర మరకలు పూసేవాడు.

ఆ మధ్యాహ్నం రబ్బరుదాని మీద మరక పిడి దాకా రాలేదన్నాను. పొద్దున తీసిన క్లోజప్‌లో పిడి దాకా ఉంది. పెద్దాయన తుడిచి మళ్ళీ పూశాడు. కుదరలేదన్నాను. మూడోసారి ఫొటో ఆయన మొహం ముందు పెట్టి, అందరూ వినేలా, "కళ్ళు కనబడవా?" అన్నాను. అవతల డైరెక్టర్ కేకలేస్తున్నాడు. పెద్దాయన పరుగున వెళ్ళి రెండోది తెచ్చి విలన్ చేతిలో పెట్టాడు. మరక అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉంది. ఫొటోలో ఉన్న కొడవలే అది, ఉండదా మరి? ఆ ఆలోచన నాకు రాలేదు. బొటనవేలు ఎత్తి సరేనన్నాను.

మొదటి వేటు దూది ఏకే యంత్రానికి తగలాలి. తగిలింది. ఖంగుమంది. రబ్బరు ఖంగుమనదు.

నాకు వెంటనే అర్థమైంది. రెండో వేటు డూప్ అడ్డుపెట్టే చేతి మీద. మధ్యలో మూడడుగులు, ఒక తన్ను. షూటింగ్‌లో కట్ అనే మాట డైరెక్టర్ ఒక్కడే అనాలి. కొత్తల్లో ఒకసారి నోరుజారి అన్నందుకు యూనిట్ మొత్తం ముందు చీవాట్లు తిన్నదాన్ని. నేను కట్ అనలేదు. ఒక మనిషి చెయ్యి తెగబోతుంటే నేను తిట్లకు భయపడ్డాను.

కొడవలి దిగింది. చప్పుడు చిన్నది, తడిగుడ్డ చింపినట్టు. ఆయన అరవలేదు. షాట్ చెడకూడదని, ఇంకో తన్ను కూడా తిని, గిర్రున తిరిగి, గుర్తు పెట్టిన చోటే దూది మూటల మీద పడ్డాడు. డైరెక్టర్ కట్ చెప్పి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. తెల్లటి దూది ఎర్రబడుతూనే ఉంది. విలన్ కొడవలి పారేసి ఏడుపు లంకించుకున్నాక గానీ చప్పట్లు ఆగలేదు. ఎవరో మా ఊళ్ళో నేసే బ్యాండేజీ గుడ్డ చుట్ట తెచ్చి విప్పుతున్నారు. అది తెగిన చేతికి చుట్టేలోపే నా ఫోన్ క్లిక్‌మంది. షాట్ అవగానే ఫొటో తీయడం నాకలవాటు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. నరాలు తెగాయి, ఇక పిడికిలి బిగియదన్నారట డాక్టర్. పిడికిలి బిగియని ఫైటర్‌ని ఎవరూ పిలవరు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"కొడవలి ఎట్ల మారిపోయిందమ్మా?" అని అడిగాడు.

"తెలీదన్నా," అన్నాను.

"ఆ పెద్దాయనను పంపించేసినారంట. పాపం, వయసైపోయినది. కండ్లు కనబడలేదేమో."

నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తలూపాను.

మర్నాడు పొద్దున్నే కొత్త డూప్ వచ్చాడు. మూటల మీంచి లేచే షాట్ మిగిలి ఉంది. మేకప్ ఆయన ఫొటో అడిగితే ఫోన్ ఇచ్చాను. అందులో చూసుకుంటూ కొత్తవాడి ముంజేతి మీద ఎర్రరంగు పూసి, "సరిగ్గా ఉందా?" అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను.

"ఇంకొంచెం మణికట్టు వైపు రావాలి," అన్నాను.