ఒర్రెపువ్వును చూడబోయిన పూట

నేను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నవా బిడ్డా? పొద్దుగాల ఏడున్నరకు నిజాంపేటల బస్సెక్కినం, నేను, మన కింది పోర్షన్ యాదమ్మ. ఆడోళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్ పైసల్లేవు. బస్సు దిగినకాడికెల్లి మెట్రోల రాయదుర్గం. ఎనిమిదిన్నరైంది. టిఫిన్ మాత్రం ఇంట్ల తినే పోవాలని రాయి.

ఎందుకు పోయినమంటే, యాదమ్మ పుప్పాలగూడ దిక్కు ఒక అద్దాల ఆఫీసుల ఊడుస్తది గద. దాని ఎనక బండల నడుమ ఒర్రె పారుతది. అది నేను పుట్టిన ఊరే, నా చిన్నప్పుడు ఒడ్డు పొడుగునా నీలం ఒర్రెపువ్వులే. ఇప్పుడు ఒక్క మొక్క మిగిలింది. గడ్డి మిషనోళ్లు కోసేస్తరని యాదమ్మ పక్క బండకు పసుపు రాసి బొట్టు వెట్టింది. దేవతంటే ముట్టరని దాని ఉపాయం.

ముట్టకుండుడేంది, ఆఫీసోళ్లు ప్రమోషన్లకని మొక్కుడు షురువైంది! మొక్కినోడల్లా ప్రసాదమని ఒక పువ్వు తెంపుకపోవుడు. "పెద్దమ్మా, ఒక్కటే పువ్వున్నది. అది కాయగట్టి గింజ రాలకుంటే ఇగ ఖతం" అని నిన్న యాదమ్మ నా దగ్గర ఏడ్సింది.

షేర్ ఆటోల ఒక పిలగాడు అడిగిండు: "మీరు కూడా ప్రమోషన్ అమ్మ దగ్గరికేనా అండి?"

"అమ్మనైన, అమ్మమ్మనైన. ఇంకేం ప్రమోషన్ నాయనా?"

తొమ్మిదింబావుకు గేటు కాడ ఫొటో దీసిన్రు. "ఎవరిని కలవాలె?" అన్నడు సెక్యూరిటాయన.

"పువ్వును."

"ఏమైతరు?"

"ఒక్క ఊరోళ్లం."

అట్లనే రాసుకొని నా మెడల ట్యాగేసిండు.

ఎనక ఒర్రె కాడ పాల ప్యాకెట్లు పట్టుకొని పెద్ద లైను, ఆ పాలకే మొక్క వేరు కుళ్లేటట్టున్నది. ముందున్న పొడుగాయన పువ్వు మీదికి చెయ్యి చాపిండు. "ఆగు నాయనా, అది గింజ కావాలె" అంటే, "ఇయ్యాల నా అప్రైజలండి, ఒక్క పువ్వే కదా" అంటడు! ఇగ తోచలే. తల్లి మన్నించాలె, జుట్టు ఇరబోసుకొని పూనకమొచ్చినట్టు ఊగిన. "నా పువ్వు ముట్టినోడి నౌకరి ఊడుతది! పాలు పోసినోడికి నోటీస్ పీరియడ్ గూడ ఉండది!"

అందరు పది అడుగులు ఎనకకు జరిగిన్రు. గని పోతరా? "అమ్మా, వర్క్ ఫ్రమ్ హోమ్ మళ్లొస్తదా?" "తల్లీ, నా ఆన్‌సైట్ ఎప్పుడు?" నాకేమెరుక! "తల్లికి లంచ్ బ్రేక్" అని యాదమ్మనే నన్ను గేటు దాకా గుంజుకొచ్చి సాగనంపి, తను పనికి పోయింది.

పన్నెండున్నరకు తిరుగు మెట్రోల కూసున్ననో లేదో యాదమ్మ ఫోను: "పెద్దమ్మా, పువ్వు మీద తుమ్మెద వాలింది! అపచారమని ఐడీ కార్డులతోని కొట్టబోతున్నరు!"

"కొట్టొద్దను! అది రాకుంటే కాయెట్ల పడుతది? అమ్మవారే పంపిందని చెప్పు!" అని ఒర్లిన. మెట్రో డబ్బల ఉన్నోళ్లంత నన్నే చూసిన్రు.

నా మాట యాదమ్మ ఆళ్లకు ఒర్లి చెప్పుడు ఫోన్ల ఇనవడ్డది. తర్వాత యాదమ్మ మెల్లగ: "దండం వెడుతున్నరు పెద్దమ్మా. తుమ్మెద పువ్వు లోపలికి దూరింది."

ఇగ ఆఖరుకు ఇట్ల రాయి బిడ్డా: ఎవరన్న పోతే పోండ్రి, తొవ్వ సులువే. దూరంకెల్లి మొక్కుండ్రి. పాలు ఇంట్ల తాగుండ్రి. తుమ్మెదొస్తే జరుగుండ్రి.