పదిహేనో చుట్టు

ఆ రోజుల్లో చదువుకున్నవాడు చెప్పాడంటే చాలు, నడినెత్తిన ఎండ కాస్తున్నా వాన పడుతోందని నమ్మి గొడుగు తెరిచేవాళ్ళం. అందులోనూ ఐదో క్లాసు ఐదు నెలలు చదివి, ఇక నాకు నేర్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదని బడి మానేసిన నాబోటివాడికి కాలేజీ లెక్చరరంటే మరీ గురి. (బడివాళ్ళు ఈ సంగతి ఇంకోలా చెప్పేవారు. అదిప్పుడు అప్రస్తుతం.)

యుద్ధం రోజులు. నూలు మీద కంట్రోలు వచ్చి బెజవాడ వన్ టౌన్‌లో మా వీధి మగ్గాలు సగం మూగబోయాయి. చేతులు ఖాళీ అయితే కాళ్ళకి పని చెప్పాడు మా పెద్దనాన్న. ఆయన జడ కోలాటం గురువు. పందిరి నడిమి దూలం నుంచి ఎనిమిది రంగుల తాళ్ళు వేలాడతాయి. ఎనిమిది మందిమీ తలో కొసా నడుముకి కట్టుకుని, కోలలు వేస్తూ ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే పైన తాళ్ళు జడగా అల్లుకుంటాయి. ఐదు చుట్లు అల్లాక, వేసిన అడుగులన్నీ చివరిదానితో మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ పోతే జడ విడిపోతుంది. అల్లడం నాకు వారంలో వచ్చేసింది. విప్పడం మూడు నెలలైనా రాలేదు. రాలేదనడం కంటే నేర్చుకోలేదనడం న్యాయం. ముందుకి నడిచిందే గుర్తుండనివాడు వెనక్కి ఏం నడుస్తాడు?

సరిగ్గా శ్రీరామనవమికి వారం ముందు పెద్దనాన్నకి జ్వరం తగిలింది. బట్టల వర్తకుల పందిట్లో ఆట నడిపే భారం నా మీద పడింది. మంచం మీంచే గోడకున్న కంచు తాళాలు చూపించి, "అల్లి, చిక్కు లేకుండా విప్పావంటే అవి నీవిరా. విప్పలేకపోయావో, వాటివైపు చూడకు," అన్నాడు. అవి మా తాత తాళాలు. అవి ఎవడి చేతిలో ఉంటే జట్టుకి వాడే పెద్ద. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. లోకంలో ఆ తాళాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపించే వయసు.

మా అరుగు పక్క గదిలో ఒక లెక్కల లెక్చరరుగారు అద్దెకుండేవారు. నోరు తెరిస్తే సిద్ధాంతం, అందుకని వీధంతా ఆయన్ని సిద్ధాంతంగారనేది. నా గోడు విని ఆయన ఎనిమిది చింతగింజలు తెప్పించి అరుగు మీద గుండ్రంగా పేర్చారు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఎవరు ఎవరి చోటికి పోతారో అడిగి, సుద్దముక్కతో చుక్కలు పెట్టి గీతలు లాగారు. (మా అమ్మ చూసి, "ముగ్గు తప్పింది నాయనా," అంది.) గీతలు రెండు వలయాలయ్యాయి: ఒకదాంట్లో ముగ్గురు, రెండోదాంట్లో ఐదుగురు.

"ఈ ముగ్గురూ మూడు చుట్లకోసారి సొంత చోటికొస్తారు. ఆ ఐదుగురూ ఐదు చుట్లకోసారి. మరి అందరూ ఒకేసారి రావాలంటే?"

"కబురు పెట్టాలండి."

"పదిహేను చుట్లు తిరగాలయ్యా! మూడుతోనూ ఐదుతోనూ భాగం పోయే మొదటి సంఖ్య. ఎనిమిది మందిని నలభై వేల మూడువందల ఇరవై రకాలుగానే నిలబెట్టగలం, అంతకు మించి దారి లేదు. ఒకే చుట్టు మళ్ళీ మళ్ళీ తిరిగేవాడు ఎక్కడికి పోతాడు? బయల్దేరిన చోటికే రావాలి. గ్రూపు సిద్ధాంతం! ఇంక వెనక్కి నడవడం దేనికి?"

గింజలు జరిపి చూపించారు. పదిహేనోసారికి ప్రతి గింజా దాని చోట్లో బుద్ధిగా కూర్చుంది. నా ఒళ్ళు పులకరించింది. మూడు నెలలుగా నేను తిన్న తిట్లన్నీ దండగని సాక్షాత్తూ శాస్త్రమే తేల్చేసింది మరి!

జట్టులో ఉన్న మా పొట్టి బావ ఒక్కడే నసిగాడు. "అది కాదు బావా, గింజలకి తాళ్ళు లేవు గదా?"

"నువ్వు సిద్ధాంతంగారికంటే చదివావా?" అన్నాను.

నవమి నాడు మధ్యాహ్నం పందిరి కిటకిటలాడింది. ఐదో చుట్టు దాకా ఒకటే చప్పట్లు. విప్పకుండా ఆరోది ముందుకే మొదలెట్టేసరికి పానకం తాగేవాళ్ళు గ్లాసులు దించారు. ఎనిమిదో చుట్టుకి తాళ్ళు కురచై మోచేతులు తగిలాయి. పదకొండో చుట్టుకి కోలలు కోలల మీద కాక నెత్తుల మీద పడ్డాయి. పన్నెండో చుట్టుకి పొట్టి బావ మునివేళ్ళు మాత్రమే నేలని పలకరిస్తున్నాయి.

"బావోయ్, నేను లేస్తున్నా!"

"ఇంకో మూడే బావా, శాస్త్రం ఉంది!"

నమ్మండి, పదిహేనో చుట్టుకి ఎవడి చోట్లో వాడున్నాడు, వరస వెంట్రుకవాసి తప్పలేదు. కాకపోతే ఎనిమిది చోట్లూ కలిపి పీటంత కూడా లేవు. అరటిగెలలా వేలాడుతున్నాం. ముందు వరసలో సిద్ధాంతంగారు లేచి నిలబడి, "పదిహేను! కరెక్టుగా పదిహేను!" అని చప్పట్లు కొట్టారు. పందిరి మొత్తం మీద ఆయనొక్కరే.

అప్పుడు వినిపించింది తాళాల మోత. పెద్దనాన్న దుప్పటి కప్పుకుని పందిరి గుంజకి ఆనుకుని మొదటినుంచీ చూస్తూనే ఉన్నాడట. ఒక్క తిట్టు తిట్టలేదు. "పొట్టాడా, ఆఖరున పైనుంచి వచ్చావు, పైనుంచే వెనక్కి పో. నువ్వు కిందనుంచి పోరా," అంటూ వేలిముద్ర తప్ప సంతకం తెలియని ఆ మనిషి, మేం వేసిన పదిహేను చుట్ల అడుగులూ తిరగేసి ఒక్కొక్కటే చెప్పాడు. బావ మడమలు నేలని తాకాయి. ఎనిమిది తాళ్ళూ ఎనిమిదిగా వేలాడాయి.

సిద్ధాంతంగారు పరుగెత్తుకొచ్చారు. "అద్భుతమండీ! మీరు చేసింది కూడా మా పుస్తకాల్లో ఉంది. ఏ అడుగుకైనా దాన్ని రద్దుచేసే అడుగు ఒకటుంటుంది..."

"ఉంటే ముందే చెప్పొద్దా బాబూ, పిల్లలు వేలాడకముందు?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "నా లెక్కలో మనుషులే ఉన్నారండీ. తాళ్ళు లేవు."

పెద్దనాన్న తాళాలు మూటకట్టుకుని నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి ఏడాదిపాటు నాకు విప్పడమే పని, అల్లే యోగం లేదు. నా పక్కనే చెప్పులు విడిచి సిద్ధాంతంగారూ చేరారు. ఎడమకి పొమ్మంటే కుడికి పోయి రోజూ నా ముక్కుకి గుద్దుకునేవారు. రెండేళ్ళకి తాళాలు నా చేతికొచ్చాయి, ఎవరూ చప్పట్లు కొట్టని ఒక సోమవారం నాడు.

అవిప్పుడు నా గదిలోనే ఉన్నాయి. ఆ అరుగు మీదే కూర్చుంటాను. తాడుకి వేలాడుతూ శాస్త్రం ఉందని అరిచిన ఆ కుర్రాడి దగ్గరికి వెనక్కి నడిచివెళ్ళి చెవి మెలిపెడదామనిపిస్తుంది అప్పుడప్పుడు. కానీ వేసిన అడుగులు వరసగా గుర్తుంటేనా! పొట్టి బావ కాళ్ళు గాల్లో ఆడే చోటుదాకా వెళ్తాను. అక్కడ నవ్వొచ్చి, ఆగిపోతాను.