తూగిన ఎలుగుబంటి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, ఫోన్లో నాలుగు వీడియోలు చూసినవాడికి చేతగాని కళంటూ ఉండదని. వయసు ఇరవై మూడు. ముదిగొండ నుంచి ఒక ట్రంకు పెట్టె, పది కుంచెలు, రెండు తెల్ల చొక్కాలు పట్టుకుని భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగ్ సారుగా దిగాను (తెల్ల చొక్కాలు వేసుకునే డ్రాయింగ్ సారంటేనే నా తెలివి మీకు అర్థమై ఉండాలి). ఉద్యోగం కాంట్రాక్టుది. ఏప్రిల్లో ఆఫీసరు వచ్చి, నా పని చూసి సంతకం పెడితే వచ్చే ఏడూ ఉంటాను, లేదంటే పెట్టె సర్దుకోవాలి. మా అమ్మేమో అప్పటికే వాడంతా "మావోడు గవర్నమెంట్ సారు" అని చాటింపు వేసేసింది. కాబట్టి ఇంటికి తిరిగి వెళ్లే దారి నాకు ఎప్పుడో మూసుకుపోయింది.

ఆఫీసరు కళ్లు తిరిగేలా ఏదైనా చేయాలనుకుని, ఆరు, ఏడు తరగతుల పిల్లలతో కాగితం గుజ్జు ఎలుగుబంటి మొదలుపెట్టాను. నిలువెత్తుది. వెదురు దబ్బలతో పిల్లలు కట్టిన చట్రం చూస్తే నాకే ముచ్చటేసింది. పాత పేపర్లు నానబెట్టి, రోట్లో దంచి గుజ్జు చేశారు. ఇక కావలసింది జిగురు. మైదా అడిగితే వంటమ్మ గరిటె చూపించింది. అప్పుడే నా కంట పడ్డాయి, పిల్లలు జేబుల్లోంచి తీసి నములుతున్న ఇప్పపూలు. వేళ్లకు అంటుకుంటున్నాయి. నాకు మెరుపు మెరిసింది. స్థానిక వనరులు! ఆఫీసర్లకు ఆ మాటంటే ప్రాణం కదా!

"రేపు అందరూ ఇంత ఇప్పపువ్వు తేవాలె. నానబెట్టి జిగురు చేద్దాం" అన్నాను. మూడో వరసలో ఒక చెయ్యి లేచింది. ఏడో తరగతి పిల్ల, ప్రతిదానికీ వాదిస్తుందని నేను లాయరమ్మ అని పేరు పెట్టుకున్నాను.

"సార్, ఇప్పపువ్వు నానబెడితే జిగురు కాదు సార్."

"మరేమైతది?"

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. లాయరమ్మ మాత్రం నవ్వలేదు. "మా నాయన తపసి జిగురు ఏరుతడు సార్. అది తెస్త. చెట్టుదే, మస్తుగ పట్టుకుంటది."

"ఇది ఆర్టమ్మా, నీకు తెల్వది. చెయ్యి దించు" అన్నాను. దించింది.

గురువారం పూలు డ్రమ్ములో వేసి, నీళ్లు పోసి, (ఈగలు పడకుండా నా సొంత తెలివితో) గట్టిగా మూత పెట్టించాను. శనివారం దాన్ని గుజ్జులో పిసికి ఎలుగుబంటికి పూశాం. మిగిలింది డ్రమ్ములోనే ఉంచి, కిటికీలు బిగించి, గదికి తాళం వేశాను. సోమవారం పొద్దున తనిఖీ. తాళం తీయగానే లోపలి గాలి నా ముఖాన ఫెడీమని కొట్టింది. ఏప్రిల్ ఎండకు డ్రమ్ము బుసబుస పొంగుతోంది. గది మొత్తం సారా బట్టీలా ఉంది. ఎలుగుబంటి ఆరకపోగా మెత్తబడి ఒక కాలు మడిచి, తల వాల్చి, గోడకు చేరగిలబడింది.

వెనకే వచ్చిన హెడ్మాస్టరుగారు నన్ను పక్కకు లాగి మెల్లగా అడిగారు. "నిజం చెప్పు, రాత్రి ఏడికి పోయినవ్?"

"ఏడికి పోలే సార్."

"మరి ఈ వాసనేంది?"

"ఎలుగుబంటిది సార్."

"ఎలుగుబంటి తాగిందా!" అని ఆయన నెత్తిన చేతులు పెట్టుకునేలోపే ఆఫీసరు గుమ్మంలోకి వచ్చేశారు. ఆయన ముక్కు రెండుసార్లు కదిలింది. ఎలుగుబంటిని చూశారు, నన్ను చూశారు. ఇద్దరం ఒకే తీరుగా నిలబడి ఉన్నాం. పెట్టె, బస్సు, గుమ్మంలో మా అమ్మ ముఖం, అన్నీ వరసగా కనబడ్డాయి.

అప్పుడు ఆయన వెనక వరండాలో బారులు తీరిన పిల్లల్లో, మూడో వరసలో మళ్లీ ఆ చెయ్యి లేచింది.

"సార్, మా సారు తాగలే సార్. ఇప్పపువ్వు నానితే ఏమైతదో ఆయనకు తెల్వది. ఆయనది ముదిగొండ. మేం చెప్పినం, ఇనలే."

పిల్లలంతా "అవ్ సార్!" అన్నారు. నా పరువును అంత ప్రేమగా, అంత నిండుగా తీసినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు. ఆఫీసరు కూడా అడవి ఊళ్లో పుట్టినవారేనట, గోడ పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక లాయరమ్మను, "మరి ఏ జిగురు పెట్టాలె బిడ్డా?" అని అడిగారు. నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. ఆ పిల్ల సంచిలోంచి ఆకుల పొట్లం తీసింది. వద్దన్నా తెచ్చి ఉంచింది! నాకు సిగ్గేసింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

వారంలో ఎలుగుబంటి నిటారుగా లేచి నిలబడింది. రిజిస్టరులో ఆఫీసరు రాసిన ముక్క నాకిప్పటికీ నోటికి వచ్చు. "ప్రాజెక్టు బాగున్నది. విద్యార్థులు ఉపాధ్యాయునికి చక్కగా నేర్పుచున్నారు. కొనసాగించవచ్చును."

కొనసాగుతూనే ఉన్నాను. చొక్కాలు ముదురు రంగువి కొంటున్నాను. ఏ బొమ్మ మొదలుపెట్టినా, బోర్డు మీద గీయడం కాగానే వెనక్కి తిరిగి కాసేపు ఊరికే నిలబడతాను, ఎక్కడైనా ఒక చెయ్యి లేస్తుందేమోనని. లేవని రోజున కొంచెం భయమేస్తుంది.