ఆ మధ్యాహ్నం మోటరు వేసింది నేనే

ట్రాన్స్‌ఫార్మర్ రొద మారిన క్షణం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పటిదాకా తుమ్మెదలా సన్నగా ఝుమ్మంటున్నది ఒక్కసారిగా గొంతు బిగించుకుని మూలిగింది. మిట్టమధ్యాహ్నం. నా చెయ్యి ఇంకా మా మోటరు స్విచ్ మీదే ఉంది. ఆపెయ్యాలని తెలుసు. ఆపలేదు. అప్పుడు ఉయ్యాలలో ఉన్న నా పెద్దపిల్లకు ఇప్పుడు ఎన్నేళ్ళో, ఈ బరువుకూ అన్నేళ్ళే.

మీరు నన్ను ఎరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆయనకు కూడా ఇది తెలియదు.

మాది వేప్పనపల్లి దగ్గర పల్లె. మా ఆయన హోసూరులో ఫ్యాక్టరీ పని చూసుకుని సెలవు రోజున వస్తాడు. తోట, ఇల్లు, పిల్ల నా చేతిలో. అవి వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్ళు. బోర్లు ఒక్కొక్కటే నీళ్ళకు బదులు గాలి కక్కుతున్నాయి. కరెంటు మూడు ఫేజులూ వచ్చేది కాసేపే, మిగతా పొద్దంతా రెండే. రెండు ఫేజులకు మోటరు తిరగదు. కండెన్సరు అనే చిన్న డబ్బా తగిలిస్తే తిరుగుతుంది. అది తప్పే. ఊరంతా చేసే తప్పు. కానీ అందరూ ఒకేసారి అలా లాగితే ఊరికున్న ఒక్క పాత ట్రాన్స్‌ఫార్మరూ కాలిపోతుందని పెద్దలు కూర్చుని వంతులు పెట్టారు. ఒక పూటకు ఒక మోటరే. ఆ పూట వంతు మా పక్కతోట మునియప్ప మామది.

నేను కృష్ణగిరి కాలేజీలో ఫిజిక్సు చదివాను. ఏ తీగ ఎంత బరువు మోస్తుందో నాకు తెలుసు. తెలిసే వేశాను. ఎందుకు? చంటిదానికి నీళ్ళు లేక వేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. కడవలో నీళ్ళున్నాయి. నేను నాటిన మామిడి అంట్లు కళ్ళముందు వాడిపోతుంటే, రేపటి వంతుదాకా ఆగలేక, ఒక్క గంటే కదా అనుకుని వేశాను.

పెద్ద చప్పుడు. నల్లటి పొగ. కాలిన నూనె వాసన. కండెన్సరు పీకి గడ్డివాములో దూర్చి, ఇంటికి పరుగెత్తి, పిల్ల పక్కన పడుకుని కళ్ళు మూసుకున్నాను.

లైన్‌మన్‌తో కలిసి పెద్దలు వచ్చేసరికి ప్రతి తోటలోనూ కండెన్సర్లు గోనెసంచుల కిందికి పోయాయి. మునియప్ప మామది మాత్రం మోటరుకే తగిలించి ఉంది. వంతు తనదే కదా, దాచడమెందుకు అనుకున్నాడు. రెండో మోటరేదో తెచ్చి తగిలించి ఉంటాడని ఒకరన్నారు. అంతే. అదే నిజమైపోయింది.

ఆ సాయంత్రం మునియప్ప మామ మా గడపలోకి వచ్చాడు.

"ఏమ్మా, నువ్వు తోటలోనే ఉంటివి కదా. యాడన్నా ఇంకో మోటరు తిరిగే సద్దు విన్నావా?"

"లేదు మామా. పిల్లతో పాటు నేనూ నిద్రపోయినాను."

నవ్వాడు. "వానకు మన ఊరు యాడుందో తెలీదు. పిడుగుకు మాత్రం నా నెత్తి యాడుందో బాగా తెలుసు."

పోతూ పోతూ ఉయ్యాల వైపు చూసి, "దీనికి తాగను నీళ్ళుండాయా? లేకుంటే మా ఇంట్లో కడవుంది, ఎత్తుకో పో," అన్నాడు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి వారాలు పట్టింది. ఊరి నీళ్ళ ట్యాంకు ఎండింది. పిండిమిల్లు మూతబడింది. టమాటా కాయ చెట్టుమీదే మాడింది. కరెంటు వచ్చాక కూడా మునియప్ప మామకు వంతు లేదన్నారు. ఆ ఎండాకాలం ఆయన మామిడిచెట్లు నిలువునా ఎండాయి. లారీ వచ్చి కట్టెలు ఎత్తుకుపోయింది. ఆయన హోసూరులో వాచ్‌మన్‌గా చేరాడు. నా మామిడి అంట్లు మా వంతు నీళ్ళతో బతికాయి. పోయిన ఏడు వాటి కాయలు తిన్నాం. తీయగానే ఉన్నాయి.

క్షమించమని అడగను. ఎవరిని అడగాలి? కండెన్సర్లు దాచుకున్న ఊరినా? వాన రానందుకు ఎవరినీ పట్టుకోలేక, దొరికిన ఒక్క మనిషిని పట్టుకుని మనసు తేలిక చేసుకున్న ఊరు అది. ఆ మధ్యాహ్నం నాలాగే ఇంకెవరైనా వేసి ఉండవచ్చు. నాకు తెలియదు. నేను వేశానని మాత్రం తెలుసు. కరువులో భయపడి స్విచ్ వేసినందుకు నేను తల వంచను. కానీ "నిద్రపోయినాను" అన్న మాట కరువు నాచేత అనిపించింది కాదు. అది నాది.

ఇంకా దాచేదాన్నేమో. నిన్న సాయంత్రం పెద్దది బడి నుంచి వస్తూనే, "ట్రాన్స్‌ఫారం దాని పక్కన నేను కూర్చోను పో!" అంది. ఎవరే అది అంటే, మునియప్ప మామ మనవరాలట. తాత ట్రాన్స్‌ఫార్మర్ కాల్చాడని బస్సులో అందరూ దాన్ని అలాగే పిలుస్తారట. దాని తర్వాత పుట్టిన చిన్నోడు పక్కనుండి పకపకా నవ్వాడు. నా అబద్ధం నా పిల్లల నోట ఆటపాటైంది.

తెల్లారింది. జడ వేస్తూ పెద్దదాన్ని ఆపాను. చిన్నోణ్ణీ పిలిచాను. పిల్లలకు చెబితే మధ్యాహ్నానికి ఊరికి తెలుస్తుంది. సెలవు రోజుకు మా ఆయనకూ తెలుస్తుంది. తెలియనీ.

"ఈడ చూడండి. ట్రాన్స్‌ఫారం కాల్చింది మునియప్ప తాత కాదు. వంతు లేకుండా మోటరు వేసింది నేను. ఆయన అడిగితే అబద్ధం చెప్పింది కూడా నేనే. ఈ పొద్దు బస్సులో ఆ పాప పక్కనే కూర్చోండి. ఎవరన్నా దాన్ని ఆ పేరు పెట్టి పిలిస్తే, ఆ పేరు మా అమ్మదని చెప్పండి."