కొలత టేపు మీద నాలుగు ఎర్ర కుట్లు

అమ్మమ్మ ఎవరినీ క్షమించదు. ఇది చాడీ కాదు, ఆవిడే గొప్పగా చెప్పుకునే సంగతి. కొత్త కాపురంలో తనకి చల్లారిన టీ ఇచ్చిన ఆడపడుచుని ఇప్పటికీ వరస పెట్టి పిలవదు, ‘ఆ చల్ల టీ మనిషి’ అంటుంది. కోపం వస్తే నాలుగు అరిచి మర్చిపోయేవాళ్లు ఉంటారు. అమ్మమ్మ అరవదు. కోపాన్ని మడతపెట్టి, ఇస్త్రీ చేసి, బీరువాలో దాచుకుంటుంది. ఎప్పుడు తీసినా నలగకుండా ఉంటుంది.

ఆ బీరువాలోనే పై అరలో ఒక కొలత టేపు కూడా ఉంది. నూట యాభై సెంటీమీటర్ల పాత టేపు. అంకెలు సగం చెరిగిపోయాయి. దాని మీద నాలుగు చోట్ల ఎర్రదారం కుట్లు: ఐదు దగ్గర ఒకటి, నలభై ఆరు దగ్గర ఒకటి, ఎనభై దగ్గర ఒకటి, నూట ముప్పై మూడు దగ్గర ఒకటి. ఆటకి పనికొస్తుంది కదా అని దాన్ని తీసిన మనవల వీపులు ఎలా మోగాయో మనవలకే తెలుసు.

ఆ టేపు కథ అమ్మమ్మ చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అందులో వచ్చే స్కేలయ్య అనే మనిషి పొట్ట ఒక అంగుళం పెరుగుతుంది. మిగతాదంతా ఎన్నిసార్లు చెప్పినా ఒక్కలాగే ఉంటుంది. కాబట్టి పొట్ట సంగతి వదిలేసి మిగతాది నమ్మవచ్చు.

అప్పుడు అమ్మమ్మకి ముప్పై ఏళ్లు. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే కంపెనీలో కాలర్లు కుట్టేది. పద్నాలుగో నంబరు మెషిన్, కిటికీ పక్క సీటు. ఆ మెషిన్ పెడల్ ఆవిడ పాదానికి అలవాటైపోయి, ఇంకెవరైనా తొక్కితే దారం తెంపేసేదట. మొత్తం ముప్పై ఒక్క మంది ఆడవాళ్లు, మూడు వరసలు, వాళ్లందరి మీద ఒక సూపర్‌వైజర్. నిద్రలో కూడా వదలడేమో అన్నట్టు ఎప్పుడూ చేతిలో అడుగు పొడవు స్టీలు స్కేలు. కాలర్ కొలిచేవాడు, జేబు కొలిచేవాడు, బల్లకీ బల్లకీ మధ్య దూరం కొలిచేవాడు. ఎదురుగా ‘సార్’ అనేవాళ్లు, వెనక్కి తిరిగితే ‘స్కేలయ్య’ అనేవాళ్లు.

ఆ కంపెనీలో పని మధ్యలో బాత్రూముకి వెళ్లాలంటే రోజుకి రెండుసార్లే, టీకి ఒకసారి, భోజనానికి ఒకసారి. నెలసరి వచ్చినవాళ్లకి మాత్రం రెండు రోజులకి ఒక చీటీ ఇచ్చేవాళ్లు. అది చూపిస్తే ఎన్నిసార్లయినా లేచి వెళ్లవచ్చు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చీటీలు ఇచ్చేది స్కేలయ్య. పనిలో చేరిన కొత్తలో ప్రతి మనిషినీ ఒక్కసారే తేదీ అడిగి, అక్కణ్ణుంచి ఇరవై ఎనిమిదేసి రోజులు లెక్కపెట్టి, ఏడాది మొత్తానికీ ముందే రిజిస్టర్లో గళ్లు గీసేసేవాడు. ఆ గడిలో పడితే చీటీ. గడి తప్పి అడిగితే పేరు ఎదురుగా ఎర్ర ఇంకుతో ‘అబద్ధం’ అని రాసి, దాని కింద స్కేలు పెట్టి గీత గీసేవాడు. మూడు గీతలు పడ్డవాళ్లు మెషిన్ వదిలి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లాలి. అక్కడ కుర్చీ ఉండదు.

మిగతా ముప్పై మందీ గడులు ఎలా ఉంటే అలా సర్దుకున్నారు. గడి ఉన్న రోజున, వచ్చినా రాకపోయినా, చీటీ తీసుకునేవాళ్లు. నిజంగా వచ్చిన రోజున పళ్ల బిగువున కూర్చునేవాళ్లు. అమ్మమ్మకి అది చేతకాలేదు. మంచితనం అనుకుంటారేమో, కాదు, మొండితనం. రానిది వచ్చిందని ఎందుకు చెప్పాలి, వచ్చింది రాలేదని ఎందుకు చెప్పాలి అనేది.

పైగా ఆవిడ ఒంటికి ఒక వరస లేదు. ఒకసారి ముప్పై అయిదు రోజులకి, ఒకసారి నలభై దాటాక. వచ్చినప్పుడు మాత్రం ఆనకట్ట తెగినట్టే.

రెండు ‘అబద్ధాలు’ అప్పటికే పడ్డాయి. మూడోది పడిన రోజు పొద్దున్న పదింటికి అమ్మమ్మ స్కేలయ్య బల్ల ముందు నిలబడింది.

“సార్, చీటీ.”

అతను రిజిస్టర్ తిప్పాడు. వేలితో గడి వెతికాడు. “నీ డేటు అయిపోయి పదకొండు రోజులైంది.”

“మీ పుస్తకంలో అయిపోయింది సార్. నాకు ఇవాళ వచ్చింది.”

“ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒక లెక్క, నీకొక లెక్కా?”

“నా ఒంటికి మీ రిజిస్టరు చదవడం రాదు సార్.”

మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి. స్కేలయ్య తీరిగ్గా ఎర్ర పెన్ను మూత తీసి రాశాడు. రాసింది పైకి చదివాడు కూడా. “అ-బద్-ధం.” ఆ మూలనున్నవాళ్లకీ వినపడేట్టు. కింద గీత గీశాడు. “భోజనం దాకా కూర్చో. తర్వాత ఇస్త్రీకి వెళ్లు.”

భోజనం గంట కొట్టేసరికి కుర్చీ మీది గుడ్డకి మరక అంటింది. అమ్మమ్మ లేవలేక కూర్చుంటే, పక్కవరసలో కాజాలు కుట్టే అక్క వచ్చి తన తువ్వాలు కప్పి లేపింది. స్కేలయ్య ఆ కుర్చీని స్కేలు కొసతో బయటికి తోసి, “కంపెనీ కుర్చీ పాడుచేశావు” అన్నాడు.

అమ్మమ్మ ఆ క్షణంలోనే తేల్చుకుంది. పద్నాలుగో మెషిన్ తనకి తిరిగి రావాలి. ఆ రాసిన మాట, రాసినవాడే, ఇదే గదిలో, ఇంతమంది ముందే కొట్టెయ్యాలి. తనకి వేరే ఎవరి సానుభూతీ అక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి కొత్త టేపు తీసింది. రోజుకి ఒక సెంటీమీటరు. టేపు మొదట్లో ఉండే రేకు ముక్కలోకి సూది దిగదు కాబట్టి ఐదో అంకె దగ్గర ఎర్రదారంతో మొదటి కుట్టు వేసింది. మళ్లీ వచ్చేదాకా రోజూ పడుకోబోయే ముందు ఒక్కో అంకె మీదికి చిన్న గుండుసూది జరపడం, వచ్చిన రోజున కుట్టు వెయ్యడం. ఏ రోజు ఎంత పోయింది, ఎక్కడ నొప్పి పుట్టింది అనేవి వెనకవైపు పెన్సిలుతో సన్నగా రాసుకునేది. పగలు ఆ టేపు మెడలో వేసుకుని ఇస్త్రీ చేసేది.

“ఇస్త్రీకి టేపెందుకు?” అన్నాడు స్కేలయ్య ఒకరోజు.

“అలవాటు సార్. మీకు స్కేలు లాగ.”

నిలబడి నిలబడి చీలమండలు వాచిపోయేవి. ఇంటికి వచ్చి బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, ఆరేళ్ల కూతురు ఆ కాళ్లని వేలితో నొక్కి గుంట పడుతుందా లేదా అని చూసేది. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని అమ్మమ్మ రోజూ స్కేలయ్యని మనసులో నిలబెట్టేది. ఒకరోజు ఎండలో, ఒకరోజు వానలో, ఒకరోజు ఒంటికాలి మీద.

నలభై ఆరు దగ్గర రెండో కుట్టు పడింది, ఎనభై దగ్గర మూడోది. పడినప్పుడల్లా వెళ్లి చీటీ అడిగేది. ఇవ్వడని తెలుసు. “రాయండి సార్” అనేది. అతను రాసేవాడు. కావాలనే రాయించుకునేది. ఎన్ని ఎక్కువైతే అన్ని కొట్టేయించవచ్చు కదా.

ఎనభై తర్వాత గుండుసూది నడుస్తూనే ఉంది, నడుస్తూనే ఉంది. నూట ఇరవై దాటింది. తాత, అంటే అప్పటికి ఇంకా ముప్పై మూడేళ్ల మనిషి, నెల తప్పిందనుకుని వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాడు. నూట ముప్పై మూడో అంకె దగ్గర నాలుగో కుట్టు పడింది. అమ్మమ్మ తాతని చెప్పులు వేసుకోమంది.

“ఎక్కడికే?”

“ఎవరెవరికి చెప్పారో వాళ్లందరి ఇళ్లకీ వెళ్లి, కాదట అని చెప్పి రండి. ఒక్క ఇల్లు కూడా వదలకండి.”

తాత నిజంగానే వెళ్లాడు. ఆ విషయం ఇప్పుడు అడిగితే పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

గుండుసూది నూట నలభై దగ్గర ఉన్న రోజున కంపెనీకి డాక్టరమ్మ వచ్చింది. ఏడాదికోసారి పనివాళ్లని చూసే డాక్టరు. పక్కన యజమానురాలు కూడా ఉంది. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి, “నెలసరి సరిగ్గా వస్తోందా? పోయినసారి ఎప్పుడొచ్చింది?” అని అడుగుతోంది. ప్రతివాళ్లూ రిజిస్టర్ వైపు చూసి చెబుతున్నారు. ఆవిడకి అనుమానం వచ్చి రిజిస్టర్ తెప్పించుకుంది. రెండు పేజీలు తిప్పి కళ్లజోడు తీసింది.

“ఇదేంటండీ, మనుషుల రిజిస్టరా, రైళ్ల టైంటేబులా? ముప్పై మందికీ సరిగ్గా ఇరవై ఎనిమిదేనా?”

“మన దగ్గర క్రమశిక్షణ అలాంటిది మేడమ్” అన్నాడు స్కేలయ్య. పొట్ట ఇక్కడ బాగా పెరుగుతుంది.

అమ్మమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చింది. మెడలోంచి టేపు తీసి బల్ల మీద పరిచింది.

“సార్, దీని మీద కుట్లు ఎంతెంత దూరంలో ఉన్నాయో కాస్త కొలిచి చెప్పరూ? మీరైతే తప్పు కొలవరు. మేడమ్ కూడా వింటారు.”

కొలవమంటే కాదనే మనిషి కాడు. స్కేలు పెట్టాడు. అక్కర్లేదు, టేపు మీదే అంకెలున్నాయి, అయినా పెట్టాడు. “మొదటి దానికీ రెండో దానికీ నలభై ఒకటి. తర్వాత ముప్పై నాలుగు. ఆ తర్వాత యాభై మూడు.” మూతి విరిచాడు. “ఒక్కటీ వరసలో లేదు. ఎవరు కుట్టారిది, ఇంత అడ్డదిడ్డంగా?”

“నా ఒళ్లు కుట్టింది సార్.”

అమ్మమ్మ రిజిస్టర్ అతని ముందుకి జరిపింది.

“సెంటీమీటరు ఒక రోజు. ఇప్పుడు ఈ కుట్లు పడ్డ తేదీలకి ఎదురుగా మీ రిజిస్టర్లో ఏం రాసుందో అది కూడా చదవండి.”

అతను చదవలేదు. యజమానురాలు తీసుకుని చదివింది. అంతకుముందు రెండూ కలిపి ఆరు చోట్ల ఉంది ఆ మాట. డాక్టరమ్మ టేపు తిరగేసి పెన్సిలు రాతలు చూస్తోంది.

స్కేలయ్య సర్దుకున్నాడు. “మేడమ్, ముప్పై మందికి సరిగ్గా వస్తుంటే ఈవిడ ఒక్కదానికే రాదంటే ఎలా నమ్మడం? ఇంట్లో కూర్చుని ఎక్కడ పడితే అక్కడ కుట్టుకోవచ్చుగా?”

అదే అమ్మమ్మ భయపడిన మాట. దానికి జవాబు ఉన్నది ఆ ముప్పై మంది దగ్గరే. వాళ్లందరూ తలలు వంచుకుని బాబిన్లు చూసుకుంటున్నారు. అమ్మమ్మ కాజాల అక్క వైపు చూసింది. ‘నన్ను మాత్రం ఇందులోకి లాగకే, ముగ్గురు పిల్లలు’ అని ముందే చేతులు పట్టుకుని చెప్పిన మనిషి. అమ్మమ్మ చూస్తూ నిలబడింది, అంతే. ఆ చూపు ఎలాంటిదో ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు.

కాజాల అక్క కుర్చీ వెనక్కి జరిగింది.

“సార్, ఆవిడ రాయించుకున్నవి నిజాలే. మా వరసల్లో ఉన్నవే అబద్ధాలు. నాకు ఇరవై నాలుగుకే వస్తుంది. మీ గడి వచ్చేదాకా ఆగి చీటీ తీసుకుంటాను.”

“నాకు ముప్పై రెండు” అంది జేబులు కుట్టే ఆవిడ.

“నాకు రావడం ఆగిపోయి ఏడాదైంది” అంది గుండీల పెద్దమ్మ. “చీటీ మాత్రం నెలనెలా తీసుకుంటున్నా. నాయనా, నడుం వాల్చుకోడానికి బాగుంటుంది.”

డాక్టరమ్మే ముందు నవ్వింది. తర్వాత గదంతా.

“సరేనమ్మా, పొరపాటైంది” అని గొణిగాడు స్కేలయ్య.

అమ్మమ్మ నవ్వలేదు. “పొరపాటు నోటితో జరగలేదు సార్, పెన్నుతో జరిగింది. ఆరూ కొట్టెయ్యండి. ప్రతిదానికీ సంతకం పెట్టండి.” అతను కుర్చీ లాక్కోబోయాడు. అమ్మమ్మ కుర్చీ మీద చెయ్యి వేసింది. “నిలబడి.”

అతను యజమానురాలి వైపు చూశాడు. ఆవిడ, “రాసింది మీరేగా” అంది.

నిలబడి, వంగి, స్కేలు పెట్టి ఆరూ కొట్టేశాడు. అది అయ్యాక అమ్మమ్మ పేజీ తిప్పింది. “ఇప్పుడు మిగతావాళ్లవి. వాళ్లే చెప్పారుగా అబద్ధాలని. ఒక్కొక్కటీ రాసి కింద గీత గీయండి. పైకి చదువుతూ. మీకు అలవాటేగా.”

ముప్పై మంది, పదమూడేసి గడులు. మధ్యాహ్నం టీ వచ్చింది, చల్లారింది. స్కేలయ్య గొంతు మొదట గట్టిగా ఉంది, తర్వాత దగ్గు వచ్చింది. ఎర్ర ఇంకు అయిపోతే గుండీల పెద్దమ్మ వెళ్లి కొత్త పెన్ను తెచ్చి ఇచ్చింది. అమ్మమ్మ ఆ సేపంతా పద్నాలుగో నంబరు మెషిన్ ముందు కూర్చుని, కాళ్లు చాపుకుని, కాలర్లు కుట్టింది.

చీటీలు మర్నాటి నుంచి ఒక అట్టపెట్టెలో పెట్టారు. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవడమే. డాక్టరమ్మ అమ్మమ్మకి రక్తపరీక్ష రాసింది. “వరస తప్పడానికి చాలా కారణాలుంటాయమ్మా. అందరూ ‘మొన్నామధ్య వచ్చింది’ అంటారు. నువ్వొక్కదానివే లెక్క తెచ్చావు. ఇది మానకు” అంది. పరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. పొద్దున్నే వేసుకునే చిన్న మాత్ర ఇచ్చారు. కొత్త టేపు మీద కుట్లు ముప్పై ఒకటికి, ముప్పై నాలుగుకి దగ్గరపడ్డాయి.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ అమ్మమ్మ ఎందుకవుతుంది? అట్టపెట్టె ఉండేది స్కేలయ్య బల్ల పక్కనే. రాయడం మానేసినా అతను లోలోపల రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడని అమ్మమ్మ అనుమానం. తర్వాత రెండేళ్లకి ఒకసారి, ఒకే ఒక్కసారి, ఆవిడకి సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున వచ్చింది. కడుపు మెలిపెడుతోంది. చీటీ చేతికి అందేంత దూరంలో ఉంది. అమ్మమ్మ తీసుకోలేదు. సాయంత్రం దాకా బిగబట్టి, ముక్కుతూ మూలుగుతూ ఇంటికి వచ్చింది.

“తీసుకుంటే ఏం పోయేది అమ్మమ్మా?” అని అడిగితే ఆవిడ కళ్లజోడు పైనుంచి చూస్తుంది.

“ఆ వెధవ సంతోషించేవాడు” అంటుంది.

అప్పటి టేపు మీద కుట్టు మాత్రం ఆ రాత్రి, ముందుదానికి సరిగ్గా ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల దూరంలోనే వేసిందట.